రుణాత్మక పునర్బలనం అంటే దండనేనా? మాక్ టెస్ట్ కీ చూశాక తల తిరుగుతోంది

బత్తాయి_తోట · ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్తే. డీఎడ్ అయిపోయి మూడేళ్లు. టెట్ స్కోరు పెంచుకుందామని మళ్లీ పుస్తకాలు పట్టుకున్నా. నల్లగొండలో ఒక కోచింగ్‌కు పోతున్నా, పేరు వద్దులెండి. ఇవాళ శిశువికాసం, పెడగాజీ మీద 30 బిట్ల మాక్ టెస్ట్ పెట్టారు. నాకు 16 వచ్చాయి. పోయిన వాటిలో ఒకటి మాత్రం మింగుడు పడట్లేదు.

ప్రశ్న ఇది: కింది వాటిలో రుణాత్మక పునర్బలనానికి ఉదాహరణ ఏది? 1. సరైన జవాబు చెప్పిన పిల్లకు చాక్లెట్ ఇవ్వడం. 2. ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ని బయట నిలబెట్టడం. 3. వారమంతా హోంవర్క్ చేసినవాళ్లకు శనివారం గది ఊడ్చే పని తప్పించడం. 4. అల్లరి చేసేవాణ్ని పట్టించుకోకపోవడం.

నేను 3 పెట్టా. కీలో 2 ఉంది. సార్‌ను అడిగితే "రుణాత్మకం అంటే మైనస్. మైనస్ అంటే పిల్లోడికి నచ్చనిది చేయడం. అంటే దండనే" అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కొట్టారు. క్లాసంతా తలలూపింది. నేనూ ఊపా. రూమ్‌కొచ్చి పుస్తకం తీస్తే ఇంకోలా ఉంది. ఎవరిది కరెక్టు? డిప్రెషన్ వచ్చేలా ఉంది నాకు.

గడియారం_సెంటర్ · రాత్రి 10:04

మా ఊళ్లో రుణం అంటే బ్యాంకుదే. అది తీసేస్తే హాయి. ఆ లెక్కన నేనూ మూడోదే అంటా. కాకపోతే నాకు 30కి 13 వచ్చాయి, నా మాట పట్టుకుని పోకండి.

కృష్ణ_ఒడ్డు · రాత్రి 10:31

చెల్లె, నీదే కరెక్టు. తమ్ముడు నవ్వులాటకు అన్నా గురి తప్పలేదు.

పునర్బలనం అన్న మాటను విప్పి చూడు, లోపల బలం ఉంది. ఏదో ఒక పని బలపడాలి, అంటే మళ్లీ మళ్లీ జరగాలి. ధన, రుణ అన్నవి మంచి, చెడు కావు. లెక్కల్లో కూడిక, తీసివేత లాంటివి. ఏదైనా ఇచ్చినందుకు పని పెరిగితే ధనాత్మకం. ఉన్న ఇబ్బంది పోయినందుకు పని పెరిగితే రుణాత్మకం. దండనలో పని తగ్గుతుంది.

సాయంత్రం దోమలు కుడుతున్నాయి. కాయిల్ ముట్టిస్తావు. దోమలు పోతాయి. రేపు పొద్దు గూకేసరికి అగ్గిపెట్టె కోసం చేయి దానంతటదే పోతుంది. కాయిల్ ముట్టించే అలవాటును బలపరిచింది దోమలు పోవడం. ఇది రుణాత్మక పునర్బలనం. ఇందులో ఎవరు ఎవర్ని దండించారు?

ఇంకో మెలిక కూడా ఉంది. అల్లరి చేశాడని ఆటల పీరియడ్ తీసేస్తే అందులోనూ తీసేయడం ఉంది. కానీ తగ్గాల్సింది అల్లరి కాబట్టి అది దండనే, తీసేసే రకం దండన. బిట్లు పెట్టేవాళ్లు ఎక్కువగా కొట్టేది ఇక్కడే. ముందు "పని పెరిగిందా, తగ్గిందా" అని అడుగు. ఆ తర్వాతే "ఇచ్చారా, తీశారా" అని అడుగు. వరస తిప్పితే తప్పు పడుతుంది.

పాలమూరు_మాస్టరు · రాత్రి 11:12

నేను 22 ఏళ్లుగా చిన్నపిల్లలకు చెబుతున్నా. అచ్చంపేట వైపు పల్లె బడి. కృష్ణ గారు చెప్పింది సరైనదే కానీ ఆ కోచింగ్ సార్‌ను మరీ తీసిపారేయొద్దు. పిల్లవాణ్ని బయట నిలబెట్టాం. మర్నాడు నుంచి టైముకు వస్తున్నాడు. ఎందుకు? బయట నిలబడే బాధ తప్పించుకోడానికి. ఇప్పుడు పెరిగిన పని టైముకు రావడం, తప్పింది ఇబ్బంది. మరి ఇది రుణాత్మక పునర్బలనం కాదా?

కృష్ణ_ఒడ్డు · రాత్రి 11:40

మంచి పట్టు పట్టారు సార్. అవును, టైముకు రావడాన్ని చూస్తే అది తప్పించుకునే అభ్యసనం, దాన్ని నిలబెట్టేది రుణాత్మక పునర్బలనమే. ఆలస్యాన్ని చూస్తే దండన. ఒకే సంగతి, ఏ ప్రవర్తన వైపు నుంచి చూస్తున్నామన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. కానీ ప్రశ్నలో చెప్పింది "ఆలస్యంగా వచ్చిన" పిల్లవాడి సంగతి. ఆలస్యం తర్వాత జరిగింది బయట నిలబెట్టడం. కాబట్టి అక్కడ దండన. మూడోదాంట్లో ఈ తిరకాసు లేదు.

గడియారం_సెంటర్ · రాత్రి 11:43

పొద్దున చదివినప్పుడు ఇంత కష్టంగా లేదే.

మిల్లు_గుమస్తా · సోమవారం, ఉదయం 6:20

నేను పరీక్షలు రాసేవాణ్ని కాదు. మా ఆవిడ రాస్తుంది, ఆమె ఫోన్‌లో ఈ చర్చ కనబడింది. మిర్యాలగూడలో రైస్ మిల్లులో లెక్కలు రాస్తా. నాకో డౌట్.

మా నాలుగేళ్ల పాప అన్నం ముందు కూర్చోగానే ఫోన్ కావాలంటుంది. ఇవ్వకపోతే కాళ్లు చాపి నేల మీద పడుకుని ఏడుపు. పళ్లెంలో చేయి పెట్టి అన్నం గోడకు రాస్తుంది. ధాన్యం సీజన్‌లో పగలంతా లారీల లెక్కలు, ఇంటికొచ్చేసరికి నా తల నాది కాదు. ఇచ్చేస్తా. టక్కున ఆగిపోతుంది, కళ్లలో నీళ్లు ఆరకముందే నవ్వు. ఇది ఏ రకం పునర్బలనం?

కృష్ణ_ఒడ్డు · ఉదయం 8:02

ఒకే దెబ్బకు రెండూ అన్నా. పాప ఏడ్చింది, ఫోన్ వచ్చింది, ఏడుపు బలపడింది: ధనాత్మకం. మీరు ఫోన్ ఇచ్చారు, ఏడుపు పోయింది, ఫోన్ ఇచ్చే అలవాటు బలపడింది: రుణాత్మకం. పాప మీకు నేర్పుతోంది, మీరు పాపకు నేర్పుతున్నారు. బత్తాయి చెల్లె, ఈ ఉదాహరణ రాసి పెట్టుకో. నా ఎమ్మెస్సీ పుస్తకంలో కూడా ఇంత శుభ్రంగా లేదు.

మానిపించాలంటే ఒక హెచ్చరిక. ఫోన్ ఇవ్వడం ఆపిన మొదటి రోజుల్లో ఏడుపు తగ్గకపోవచ్చు, ఇంకా పెరగొచ్చు కూడా. రెండో రోజు పెరిగిన ఏడుపుకు లొంగి ఇచ్చారనుకోండి, "ఇంత గట్టిగా ఏడిస్తే వస్తుంది" అని నేర్పినట్టే. ఒక రోజు ఇచ్చి రెండు రోజులు ఇవ్వకపోవడం అన్నిటికన్నా చెడ్డది. అప్పుడప్పుడు మాత్రమే ఫలితం దొరికే అలవాటు చచ్చినా వదలదు. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త పావురాలతో, ఎలుకలతో చూపించింది ఇదే. చేపలు పట్టేవాడు గాలం వేసుకుని పొద్దంతా కూర్చునేది కూడా అందుకే.

మిల్లు_గుమస్తా · ఉదయం 8:15

మా అమ్మ ఇంట్లో ఉంది. ఆమె లొంగుతుంది. ఏం చేయాలి?

పాలమూరు_మాస్టరు · ఉదయం 8:30

అది సైకాలజీలో లేదు నాయనా.

బత్తాయి_తోట · సోమవారం, రాత్రి 8:47

అందరికీ థాంక్స్. ఇక నుంచి ప్రతి మాటకూ మా ఇంట్లోదే ఒక ఉదాహరణ రాసుకుందామనుకున్నా. శాస్త్రీయ నిబంధనం, అంటే పావ్‌లోవ్ కుక్కకు తిండి ముందు గంట కొట్టీ కొట్టీ చివరికి గంటకే లాలాజలం ఊరేలా చేసిన రకం అభ్యసనం, దాని కింద ఇది రాశా, చూసి చెప్పండి.

మా ఊళ్లో నల్లా మూడు రోజులకోసారి. నీళ్లు వచ్చే ముందు పైపులో గాలి సుస్సుమంటుంది, రెండు నిమిషాలు. ఆ చప్పుడు వినబడితే చాలు, అమ్మ పూజలో ఉన్నా, నిద్రలో ఉన్నా లేచి బిందె అందుకుంటుంది. నీళ్లు నిర్నిబంధిత ఉద్దీపన, సుస్సుమనే చప్పుడు నిబంధిత ఉద్దీపన, బిందె అందుకోవడం నిబంధిత ప్రతిస్పందన. పావ్‌లోవ్ కుక్క లాగానే కదా?

గడియారం_సెంటర్ · రాత్రి 8:52

అమ్మ ఈ పోస్టు చూస్తే ఆ బిందె నీకే తగులుతుంది.

పాలమూరు_మాస్టరు · రాత్రి 9:10

చక్కగా ఉంది తల్లీ. గంట, ఆహారం, లాలాజలం. చప్పుడు, నీళ్లు, బిందె. సరిపోయింది.

కృష్ణ_ఒడ్డు · రాత్రి 9:36

సార్, ఇక్కడ మాత్రం మీతో కలవలేను. పావ్‌లోవ్ కుక్క లాలాజలం కావాలని కార్చదు, దానంతటదే ఊరుతుంది. బిందె అందుకోవడం దానంతటదే జరిగేది కాదు, అమ్మ చేసే పని. చేస్తే నీళ్లు దొరుకుతాయి, చేయకపోతే మూడు రోజులు తిప్పలు. పని చేస్తే ఫలితం. అంటే స్కిన్నర్ వైపు, కార్యసాధక నిబంధనం. సుస్సుమనే చప్పుడు "ఇప్పుడు చేస్తే ఫలితం ఉంటుంది" అని చెప్పే గుర్తు మాత్రమే. అందుకే స్కిన్నర్ రెండింటికీ వేరే పేర్లు పెట్టాడు: పావ్‌లోవ్‌ది ఎస్ రకం, ఉద్దీపన ముందు. తనది ఆర్ రకం, ప్రతిస్పందన ముందు.

ఇంకో పరీక్ష చెబుతా. నిర్నిబంధిత ఉద్దీపన అంటే నేర్పకుండానే ప్రతిస్పందన తెప్పించేది. నీళ్లు కనబడగానే పుట్టిన పిల్లలెవరూ బిందె పట్టుకోరు.

పాలమూరు_మాస్టరు · రాత్రి 9:58

మరి ఆ చప్పుడు వినగానే మా ఇంటామెకు గుండె దడదడ మంటుందట. పక్కింటి వాళ్లు మోటారు పెట్టి గుంజేస్తారని. అది కూడా స్కిన్నరేనా?

కృష్ణ_ఒడ్డు · రాత్రి 10:05

దొరికిపోయాను. ఆ దడ మాత్రం పావ్‌లోవ్‌దే. గుండెను ఎవరూ కావాలని కొట్టుకోమనరు. లేచి బిందె పట్టడం ఒకటి, లోపల దడ ఇంకొకటి. రెండూ ఒకే చప్పుడుకు జరుగుతాయి. నిజ జీవితంలో ఎక్కువగా ఇలా కలిసే ఉంటాయి, బిట్ పేపర్లో మాత్రం విడగొట్టి అడుగుతారు.

పనిలో పని, ఒక బిట్. పావ్‌లోవ్‌కు 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద పనికి. కుక్క, గంట కథకు కాదు. ఆయన శరీరధర్మ శాస్త్రవేత్త. చాలా మెటీరియళ్లలో తప్పుగా ఉంది.

ఏఎన్ఎం_అక్క · సోమవారం, రాత్రి 11:20

కల్వకుర్తి వైపు పనిచేస్తా. డ్యూటీ అయ్యాక చదువుతున్నా, టెట్ కోసం కాదు, మా తమ్ముడి కోసం చూస్తుంటే ఆసక్తి పుట్టింది. నిబంధనం అంటే రూల్ అనుకున్నా ఇన్నాళ్లూ.

మా చిన్నోడికి ఏడాదిన్నర. వాడికి టీకా వేయించింది తెల్లకోటు వేసుకున్న డాక్టరమ్మ. నేను రోజూ ఎంతమందికో సూదులేస్తా, నా కొడుకును మాత్రం పట్టుకోలేకపోయా. నెల తర్వాత మా బావ తెల్ల అంగీ, తెల్ల పంచె కట్టుకుని పండక్కొచ్చాడు. వీడు గడప దాటనివ్వలేదు. నా చీర పట్టుకుని ముఖం దాచేసి కేకలు. పాపం బావ లోపలికెళ్లి మా ఆయన నీలం టీషర్ట్ వేసుకున్నాకే వీడు సందులోంచి తొంగి చూశాడు. ఒకదానికి నేర్చిన భయం దానిలాంటి వాటికీ పాకడం, ఇది సామాన్యీకరణం కదా?

కృష్ణ_ఒడ్డు · రాత్రి 11:41

సరిగ్గా అదే అక్కా. 1920లో వాట్సన్, రోసాలీ రేనర్ ఒక పసివాడి మీద చేసిన ప్రయోగం కూడా ఇదే. ఆల్బర్ట్ అని పిలిచారు, పదకొండు నెలలవాడు. తెల్ల ఎలుకను చూపించి వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. కొన్నిసార్లకు ఎలుకను చూస్తేనే ఏడుపు. తర్వాత కుందేలు, కుక్క, బొచ్చు కోటు, దేన్ని చూసినా భయం. ఆ భయాన్ని పోగొట్టకుండానే పిల్లవాడు వెళ్లిపోయాడు. ఇవాళైతే అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతివ్వరు, ఇవ్వకూడదు కూడా.

మీకు పనికొచ్చేది దాని తర్వాతిది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును దూరంగా ఉంచి, రోజురోజుకూ కొంచెం దగ్గరికి తెచ్చి భయం పోగొట్టారు. బావను తెల్ల అంగీలోనే వాకిట్లో దూరంగా కూర్చోబెట్టండి. చిన్నోడికి ఇష్టమైనది పెట్టండి. తొందరపెట్టి చేతుల్లో పెట్టొద్దు.

ఏఎన్ఎం_అక్క · రాత్రి 11:50

బావ హైదరాబాద్ వెళ్లిపోయాడు. సంక్రాంతికి చూస్తాం.

బత్తాయి చెల్లె, మొదటి పోస్టులో డిప్రెషన్ అన్నావు. బిట్లు పోయినందుకు బాధపడటం బాధ మాత్రమే. కనీసం రెండు వారాలు, దాదాపు రోజంతా దిగులు, దేని మీదా మనసు పోకపోవడం, నిద్ర తిండి తేడా కొట్టడం, ఇలాంటివి కలిస్తే అప్పుడు ఆ మాట గురించి ఆలోచించాలి. అలా ఎవరికైనా ఉంటే టెలీ మానస్ నంబరు 14416, ఏ టైములోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఊరికే అన్న మాట అని తెలుసు, కానీ డ్యూటీలో నిజమైన వాళ్లను చూస్తా కాబట్టి చెబుతున్నా.

బత్తాయి_తోట · మంగళవారం, ఉదయం 5:40

లేదక్కా, టెన్షన్ అంతే. మాట మార్చుకుంటా.

ఇంకోటి. పురోగమన అవరోధం, తిరోగమన అవరోధం, ఈ రెండూ ఎన్నిసార్లు చదివినా తారుమారవుతున్నాయి. మరిచిపోవడం గురించిన పాఠాన్నే మరిచిపోతున్నా.

గడియారం_సెంటర్ · ఉదయం 7:15

ఇది నేను చెప్తా, నాకు వచ్చింది ఇదొక్కటే. మా మేనమామది నారాయణపేట. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మహబూబ్‌నగర్‌లోనే ఉండిపోయారు, 2019లో నారాయణపేట జిల్లా అయింది. ఇప్పటికీ ఏ ఫారం ఇచ్చినా ఆయన పెన్ను "మహబూ" వరకు పోయి ఆగుతుంది. కొట్టేసి పక్కన రాస్తాడు. పాతది ముందుకొచ్చి కొత్తదానికి అడ్డం పడింది. పురోగమన అవరోధం.

నేను రివర్స్. కొత్త సిమ్ తీసుకున్నాక పాత నంబరు మొత్తం పోయింది. ఆధార్ ఓటీపీ దానికే వెళ్తుంది, గుర్తు రాక చచ్చా. కొత్తది వెనక్కి పోయి పాతదాన్ని తొక్కేసింది. తిరోగమనం.

అడ్డుపడేది ఏదో చూడు. పాతది అడ్డుపడితే పురో, కొత్తది అడ్డుపడితే తిరో.

పాలమూరు_మాస్టరు · ఉదయం 7:50

13 మార్కులు వచ్చాయన్నావు, నమ్మబుద్ధి కావట్లేదు.

కృష్ణ_ఒడ్డు · ఉదయం 8:20

బాగా చెప్పాడు. ఒక్కటి కలుపుతా. ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల జాబితాలు తయారు చేసుకుని, తానే బట్టీ పట్టి, తన మీద తానే పరీక్ష చేసుకుని 1885లో పుస్తకం వేశాడు. నేర్చిన గంటలోపే సగానికి పైగా పోయింది. ఆ తర్వాత పోవడం నెమ్మదించింది. అవి అర్థం లేని అక్షరాలు కాబట్టి అంత వేగంగా పోయాయి. "పునర్బలనం" కూడా అర్థం తెలియకుండా బట్టీ పడితే అర్థం లేని అక్షరాలే. పాప ఏడుపుతో కట్టి పెట్టుకున్నావు కాబట్టి ఇక పోదు.

గడియారం_సెంటర్ · మంగళవారం, రాత్రి 9:30

రక్షక తంత్రాలకు, అంటే బాధ నుంచి మనసు తనను తాను కాపాడుకునే ఎత్తులకు, సామెతలు కట్టుకున్నా. కరెక్ట్ చేయండి.
విస్థాపనం: అత్త మీది కోపం దుత్త మీద.
హేతుకీకరణం: ఆడలేక మద్దెల ఓడు.
ప్రక్షేపణం: గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం.

కృష్ణ_ఒడ్డు · రాత్రి 9:52

మొదటి రెండూ నూటికి నూరు. మా అమ్మమ్మ ఫ్రాయిడ్ పేరు వినకుండానే విస్థాపనం చెప్పింది. మూడోది కాదు. భుజాలు తడుముకున్నవాడు తన తప్పు తానే బయటపెట్టుకున్నాడు. ప్రక్షేపణంలో తనలో ఉన్నదాన్ని ఒప్పుకోలేక ఎదుటివాడికి అంటగడతాడు. కాపీ కొట్టేవాడు "క్లాసులో అందరూ కాపీ కొట్టేవాళ్లే" అనడం లాంటిది.

ఏఎన్ఎం_అక్క · రాత్రి 10:01

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు, అది సరిపోదా?

పాలమూరు_మాస్టరు · రాత్రి 10:09

దగ్గరిదే, కానీ అందులో వాడు దేన్నీ దాచుకోవట్లేదు. దొంగకు అందరూ దొంగలే అన్నది ఇంకా దగ్గర. పరీక్షలో సామెతే ఇచ్చి అడిగితే మాత్రం పచ్చకామెర్లకు కూడా ప్రక్షేపణమే పెట్టండి.

కృష్ణ_ఒడ్డు · రాత్రి 10:12

ఒప్పుకోను కానీ నేనైనా అదే పెడతా.

బత్తాయి_తోట · బుధవారం, రాత్రి 8:15

పియాజే గురించి మాస్టరు గారిని అడగాలి. మీరు బడిలో రోజూ చూస్తారు కదా. పదిలపరచుకొనే భావన, అంటే ఆకారం మారినా పరిమాణం మారదన్న తెలివి, నిజంగా ఏడేళ్లకే వస్తుందా? పూర్వ ప్రచాలక దశ 2 నుంచి 7, మూర్త ప్రచాలక దశ 7 నుంచి 11 అని బట్టీ పట్టా కానీ ఎప్పుడూ చూడలేదు.

పాలమూరు_మాస్టరు · బుధవారం, రాత్రి 10:40

కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక పట్టండి.

కొన్నేళ్ల కింద ట్రైనింగ్ నుంచి వచ్చిన ఊపులో మా ఒకటో తరగతిలో చేసి చూశా. రెండు ఒకే సైజు స్టీలు గ్లాసుల్లో నీళ్లు సమానంగా పోశా. సమానమేనా అంటే సమానమే అన్నారు. ఒకదాన్ని సన్నటి పొడుగు సీసాలోకి వంచా. ఇప్పుడు ఎందులో ఎక్కువ? "సీసాల" అని బడంతా మోగింది. ఎందుకురా అంటే "పైకి వచ్చింది సార్" అన్నారు. నీళ్లు ఎక్కడి నుంచైనా పోశానా? లేదు. అయినా ఎక్కువే. పియాజే చెప్పింది కళ్ల ముందు కనబడితే ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు.

ఒక పిల్ల మాత్రం ఒప్పుకోలేదు. ఆరేళ్లుంటాయి. గోడకు ఆనుకుని కూర్చుని "ఏ గిన్నెల పోసినా సోలెడే కదా సార్" అంది. మిగతావాళ్లు నవ్వారు. ఆమె తగ్గలేదు. లేచొచ్చి సీసా నీళ్లు మళ్లీ గ్లాసులోకి వంచి "సూడుండ్రి" అని చూపించి పోయి కూర్చుంది. వాళ్లమ్మ ఊళ్లో పాలు పోస్తుంది. పొద్దున లేస్తే సోలతో కొలవడం, ఒక్కో ఇంట్లో ఒక్కో గిన్నెలో వంచడం, ఈ పిల్ల పక్కనే ఉంటుంది. గిన్నె ఆకారం మారితే పాలు పెరగవని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. పెరిగితే వాళ్లమ్మకు నాలుగు పైసలు మిగిలేవి కదా.

అప్పటి నుంచి ఆ వయసుల గీతలను నేను గీతలుగా చూడను. వరస నిజం. వయసు అటూ ఇటూ.

కృష్ణ_ఒడ్డు · బుధవారం, రాత్రి 11:15

సార్, మీరు చూసిందే మెక్సికోలో కుమ్మరి పిల్లల మీద చూశారు. 1969లో వచ్చిన అధ్యయనం. మట్టి ముద్ద ఆకారం మార్చితే మట్టి పెరగదని మిగతా పిల్లల కన్నా కుమ్మరి పిల్లలు బాగా చెప్పారు. రోజూ చేతుల్లో ఉండేది మట్టే కదా.

దీని తోబుట్టువు లాంటిది ఇంకోటి, 1985లో బ్రెజిల్‌లో. వీధిలో పండ్లు, కొబ్బరికాయలు అమ్మే ఐదుగురు పిల్లలు. బండి దగ్గర లెక్క అడిగితే దాదాపు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను కాగితం మీద కూడికలు, గుణకారాలుగా ఇస్తే 37 శాతమే. లెక్క రాక కాదు. బండి దగ్గరి లెక్క కాగితం మీదికి రాలేదు. అభ్యసన బదలాయింపు అన్న అధ్యాయంలో "శూన్య బదలాయింపు" అని, ఒకచోట నేర్చింది ఇంకోచోట పనికిరాకపోవడం గురించి, ఒక మాట బట్టీ పడతాం కదా, దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ పిల్లలే గుర్తొస్తారు.

బత్తాయి_తోట · రాత్రి 11:24

మా తోటకు వచ్చే బత్తాయి బేరగాళ్లు కూడా అంతే. టన్నుకు ఇంత, తరుగుకు ఇంత అని నోటితో నిమిషంలో తేలుస్తారు. కాగితం ఇస్తే మా నాన్నకు ఇస్తారు, మా నాన్న నాకు ఇస్తాడు. నేను కాలిక్యులేటర్ తీస్తా.

మిల్లు_గుమస్తా · గురువారం, ఉదయం 6:05

మూడు రోజుల రిపోర్టు. మొదటి రోజు ఇరవై నిమిషాలు ఏడ్చింది. రెండో రోజు అరగంట దాటింది, మీరు చెప్పినట్టే పెరిగింది. పక్కింటి వాళ్లు వచ్చి ఏమైందని అడిగారు. నిన్న పదినిమిషాలే. తర్వాత వాళ్ల నాయనమ్మ ఒళ్లో కూర్చుని కథ చెప్పించుకుంటూ తింది. కానీ ఇప్పుడు కథ లేకపోతే ముద్ద దిగట్లేదు. ఇది కూడా మాన్పించాలా?

కృష్ణ_ఒడ్డు · ఉదయం 7:30

దాన్ని ముట్టుకోకండి అన్నా. పాప అన్నం తింటోంది, అమ్మకు మనవరాలు దొరికింది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎప్పుడో పది రోజుల తర్వాత ఉన్నట్టుండి మళ్లీ ఫోన్ కోసం ఏడ్వొచ్చు. దాన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. మొత్తం చెడిపోయిందని గాబరా పడొద్దు, లొంగకపోతే ఈసారి తొందరగా పోతుంది.

గడియారం_సెంటర్ · ఉదయం 7:34

ఆ మాట ఎవరు పెట్టారో గానీ ఆయుర్వేదం షాపులో మందు పేరులా ఉంది.

బత్తాయి_తోట · శుక్రవారం, రాత్రి 9:05

రెండు కబుర్లు.

సార్ దగ్గరికి పుస్తకం పట్టుకుని పోయా, ఒంటరిగా, క్లాసు అయ్యాక. చదివారు. "సరే, నీకు మార్కు వేసుకో" అన్నారు. కీ మారుస్తారా అంటే "అందరికీ చెప్పేశాం కదమ్మా" అన్నారు. అంటే నాకు 17, మిగతావాళ్లకు పాతదే. గడియారం అన్నా, నీకూ 14 వేసుకో.

రెండోది. ఊరికొచ్చా. ఇవాళ నల్లా వచ్చే రోజు కాదు. అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. లోపల నేను పప్పుకు కుక్కర్ పెట్టా. విజిల్ రాకముందు ఆవిరి సుస్సుమంటుంది కదా, ఆ చప్పుడుకు అమ్మ చేట కింద పెట్టి, లేచి, బిందె చేతిలోకి తీసుకుని నల్లా దాకా పోయింది. అక్కడ నిలబడి నా వైపు చూసింది. నేను నవ్వు ఆపుకోలేక సామాన్యీకరణం అని అరిచా. "ఏందే అది?" అంది. చెప్పలేదు.

పాలమూరు_మాస్టరు · రాత్రి 9:21

రెండుసార్లు అలా పోయి ఉత్త చేతులతో వచ్చిందంటే మూడోసారి లేవదు తల్లీ. కుక్కర్ చప్పుడు వేరు, నల్లా చప్పుడు వేరు అని తెలుసుకుంటుంది. దాని పేరు విచక్షణ. చిట్టీలో పక్కనే రాసుకో.

బత్తాయి_తోట · రాత్రి 9:26

రాశాను సార్. కానీ ఆమె ఇప్పుడు కుక్కర్‌నే మార్చమంటోంది.